నట్టింట్లో నూరు వాద్యాలు!

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. మూలగదిలో మాత్రం నలభై వయొలిన్లు, ఓ వేణువు, రెండు డోళ్లు మోగుతూనే ఉన్నాయి. గోడ అవతల నిద్రపోతున్న తాతయ్యకు మాత్రం చిన్న చప్పుడు కూడా వినిపించడంలేదు. ఎందుకంటే ఆ వాద్యబృందమంతా ఉన్నది ఓ ల్యాప్‌టాప్‌లో. వింటున్నది హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడొక్కడే!

‘ఏరా, ఇంకా పడుకోలేదా?’

‘ఒక్క నిమిషం అమ్మా, వయొలిన్లు లోడవుతున్నాయి.’

ఆ ఒక్క నిమిషం ఐదు నిమిషాలవుతుంది. మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోతుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. తీరా అంతా సిద్ధమయ్యేసరికి సాయంత్రం బస్సులో తట్టిన బాణీ కాస్తా గాల్లో కలిసిపోతుంది.

ఇంట్లో కూర్చుని పాటలు కట్టే చాలామందికి ఇది తెలిసిన బాధే. చాలాసార్లు లోపం వాళ్ల ప్రతిభలో ఉండదు, కంప్యూటర్ ఖరీదులోనూ ఉండదు. అమర్చుకున్న తీరులో ఉంటుంది. వంటింట్లో పోపుల పెట్టె ఎక్కడుందో తెలియకపోతే నూనె మాడిపోయినట్టే, సంగీతంలోనూ సామాను సర్దుకోకపోతే బాణీ మాడిపోతుంది. ఒక్కసారి ఓపిగ్గా సర్దుకుంటే చాలు, ఆ తర్వాత ఏళ్ల తరబడి పనంతా పాట మీదే.

అప్పుడు హాలు... ఇప్పుడు గది

ఒకప్పుడు సినిమా పాట రికార్డింగంటే పెళ్లి హడావుడే. మద్రాసు స్టూడియోలో వయొలిన్ల వరసలు, తబలా, వేణువు, సితార్, వాళ్ల మధ్యలో గాయకులు. పాట మొదటి నుంచి చివరిదాకా అందరూ కలిసి ఒకే ఊపులో వాయించాలి. చివరి చరణంలో ఒక్కరు తడబడినా సరే, మళ్లీ మొదటికే! వాద్యాలను విడివిడిగా రికార్డు చేసి కలిపే యంత్రాలు వచ్చాక ఆ బెడద తగ్గింది.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. 1986లో ఇళయరాజా సంగీతంతో వచ్చిన తమిళ చిత్రం ‘పున్నగై మన్నన్’ (తెలుగులో ‘డాన్స్ మాస్టర్’) మనదేశంలో కంప్యూటర్ సాయంతో సంగీతం చేసిన తొలి సినిమాల్లో ఒకటిగా చెప్పుకుంటారు. 1992లో ‘రోజా’ వచ్చింది. ఆ తొలి చిత్రంతోనే జాతీయ అవార్డు అందుకున్న ఏ.ఆర్.రెహమాన్ పని చేసింది పెద్ద స్టూడియోలో కాదు, సొంతింటి ఆవరణలో కట్టుకున్న చిన్న రికార్డింగ్ గదిలో. ఆ పాటలు విన్నాక ‘ఇంట్లో కూర్చునీ ఇంత చెయ్యొచ్చా!’ అనుకున్న కుర్రాళ్లెందరో.

కాకపోతే ఆ రోజుల్లో అలాంటి గది కట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. పియానో ధ్వనికో పెట్టె, డ్రమ్ములకో పెట్టె, వయొలిన్లకో పెట్టె. ఒక్కొక్కటీ వేలూ లక్షలూ. ఇప్పుడు ఆ పెట్టెలన్నీ సాఫ్ట్‌వేర్లుగా మారి కంప్యూటర్‌లోకి దూరిపోయాయి. వాటినే వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అంటారు. అవన్నీ వచ్చి కూర్చునే చోటు పేరు... హోస్ట్!

కాగితం, విద్వాంసుడు, సభ

ఈ వ్యవహారంలో మూడు ముక్కలున్నాయి. అవి విడివిడిగా అర్థమైతే సగం పనైపోయినట్టే.

మొదటిది మిడి. కంప్యూటర్‌కు తగిలించిన కీబోర్డు మీద మెట్టు నొక్కితే తీగలోంచి వెళ్లేది ధ్వని కాదు, ఓ కబురు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు... అంతే. స్వరాలు రాసిన కాగితం లాంటిదన్నమాట. నొక్కిన బలాన్ని 0 నుంచి 127 వరకు అంకెల్లో చెబుతుంది. వేర్వేరు కంపెనీల వాద్యాలన్నీ మాట్లాడుకోవడానికి ఓ ఉమ్మడి భాష కావాలని అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌కు చెందిన ఇకుటారో కకేహాషి పట్టుబట్టారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన ఓ సంగీత పరికరాల ప్రదర్శనలో ఇద్దరి కంపెనీల కీబోర్డుల్నీ తీగతో కలిపారు. ఒకదాన్ని వాయిస్తే రెండోదీ పలికింది! ముప్ఫై ఏళ్ల తర్వాత, 2013లో ఆ ఇద్దరికీ సాంకేతిక గ్రామీ పురస్కారం దక్కింది. దాని వారసుడు మిడి 2.0 కూడా 2020లో వచ్చింది. అయినా ఇప్పటికీ ఇళ్లలో ఎక్కువగా నడుస్తున్నది ఆ పాత భాషే.

రెండోది వాద్యం. కాగితం మీది స్వరాల్ని చదివి వినిపించే విద్వాంసుడిది. ఇందులో రెండు రకాలు. ఒకటి లెక్కలతో అప్పటికప్పుడు ధ్వనిని పుట్టించే సింథసైజర్. రెండోది నిజమైన వాద్యాన్ని స్వరం స్వరంగా రికార్డు చేసి దాచుకుని, అడిగినప్పుడు వినిపించే శాంప్లర్.

మూడోది హోస్ట్. ఇది సభ నడిపే నిర్వాహకుడు. తాను పాడదు, పాడిస్తుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి ఏ మైకు, ఎవరి ధ్వని ఎంత, ఎవరి కబురు ఎవరికి చేరాలి... అన్నీ చూసేది ఇదే. క్యూబేస్, లాజిక్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ హోస్టులే. కచేరీల్లో వాయించేవారి కోసం మెయిన్‌స్టేజ్, క్యాంటబైల్, గిగ్ పెర్ఫార్మర్ లాంటివి ప్రత్యేకంగా ఉన్నాయి. విద్వాంసులు ఎంత గొప్పవాళ్లయినా నిర్వాహకుడు సరిగ్గా లేకపోతే కచేరీ రసాభాసే!

హాంబర్గ్‌లో పుట్టింది

ఇంటిని స్టూడియోగా మార్చిన మలుపు జర్మనీలో మొదలైంది. హాంబర్గ్‌లోని స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1996లో తన క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌తోపాటు వీఎస్‌టీ అనే పద్ధతిని తెచ్చింది. అసలు గమ్మత్తేంటంటే, ఆ పద్ధతి వివరాల్ని దాచుకోకుండా ఇతరులకూ ఇచ్చింది. దాంతో ఎవరో రాసిన ప్రోగ్రాం మరెవరో చేసిన హోస్టులో ఇమిడిపోవడం మొదలైంది. మొదట్లో ప్రతిధ్వని లాంటి హంగులకే పరిమితమైన ఈ పద్ధతి 1999లో వాద్యాలకూ విస్తరించింది. ‘నియాన్’ అనే చిన్న సింథసైజర్ ఆ దారిలో తొలి అడుగు.

మరో చిక్కు మిగిలింది. నిజమైన పియానో ధ్వనిని పూర్తిగా రికార్డు చేస్తే అది అప్పటి కంప్యూటర్ల మెమరీలో పట్టేది కాదు. 1998లో వచ్చిన గిగాశాంప్లర్ దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టింది. ప్రతి స్వరం మొదటి ముక్కను మాత్రమే మెమరీలో ఉంచుతుంది. మెట్టు నొక్కగానే ఆ ముక్క మోగుతుంటుంది. ఈలోపు మిగతా ధ్వనిని హార్డ్‌డిస్క్ నుంచి లాక్కొస్తుంది. అతిథి వచ్చీ రాగానే మంచినీళ్లిచ్చి, తాగేలోపు కాఫీ కలుపుకొచ్చినట్టు! 2002లో వచ్చిన కాంటాక్ట్ నుంచి ఈనాటి శాంప్లర్ల దాకా ఈ ఉపాయం నడుస్తూనే ఉంది.

ఆ స్వరాల వెనక ఎవరు?

ల్యాప్‌టాప్‌లో వినిపించే వయొలిన్ యంత్రానిది కాదు. ఎక్కడో ఓ హాల్లో ఓ కళాకారుడు ఒక్కో స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొడుగ్గా, పొట్టిగా వాయించి ఇచ్చిందే. వియన్నాలో హెర్బ్ టుక్‌మాండ్ల్ అనే చెల్లో వాద్యకారుడు మొదలుపెట్టిన వియన్నా సింఫనిక్ లైబ్రరీ ఇందుకోసమే ‘సైలెంట్ స్టేజ్’ అని ఓ హాలు కట్టించుకుంది. లండన్‌లోని స్పిట్‌ఫైర్ ఆడియో సంస్థ బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా మొత్తాన్ని మైడా వేల్ స్టూడియోలో రికార్డు చేసి 2019లో విడుదల చేసింది.

ఎంత పనో ఓ చిన్న లెక్క వేసి చూడొచ్చు. పియానోకు 88 మెట్లు. ఒక్కోదాన్నీ పది రకాల బలంతో వాయిస్తే 880 రికార్డింగులు. పెడల్ తొక్కి ఓసారి, తొక్కకుండా ఓసారి అంటే 1,760. ఒకే స్వరం వెంటవెంటనే మోగినప్పుడు అచ్చుగుద్దినట్టు ఉంటే చెవికి ఎబ్బెట్టుగా తోస్తుంది కాబట్టి, అదే స్వరాన్ని మూడేసిసార్లు రికార్డు చేశారనుకుంటే 5,280. ఇది ఒక్క పియానోకే. వాద్యబృందం మొత్తానికైతే వందల జీబీలు ఎందుకవుతాయో ఇట్టే అర్థమవుతుంది.

ముందు సభ సర్దాలి

ఇక అసలు పని. హోస్టును అమర్చుకోవడంలో అందరూ మొదట ఎదుర్కొనే ఇబ్బంది ఆలస్యం. మెట్టు నొక్కాక కాస్త ఆగి ధ్వని వస్తుంటే తాళం నిలవదు. దీన్ని లేటెన్సీ అంటారు. కంప్యూటర్ ధ్వనిని చుక్కచుక్కగా కాక, బిందెల్లో నింపి పంపుతుంది. ఆ బిందె పేరు బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 128 శాంపిళ్ల బఫర్ నిండడానికి సుమారు 3 మిల్లీ సెకన్లు చాలు. 512 అయితే దాదాపు 12. 1,024 అయితే 23. తీగలు, కార్డు కలుపుకొంటే ఇంకాస్త ఎక్కువ.

12 మిల్లీ సెకన్లంటే ఎంత? గాల్లో ధ్వని ఆ కాసేపట్లో దాదాపు నాలుగు మీటర్లు వెళుతుంది. అంటే వాయించేవాడు ఓ మూల, వాద్యం గదికి అవతలి మూల ఉన్నట్టు. పియానోకైతే ఫర్వాలేదు, మృదంగం జతులకు మాత్రం కష్టమే.

అలాగని బిందెను మరీ చిన్నది చేస్తే, నింపే తీరిక లేక కంప్యూటర్ తడబడి చిటపటలు వినిపిస్తాయి. అందుకే అనుభవజ్ఞులు రెండు కొలతలు పెట్టుకుంటారు. వాయించేటప్పుడు 128 లేదా 256. వాయించడం అయిపోయి ధ్వనుల్ని సరిచూసుకునేటప్పుడు 1,024. ఈ ఒక్క అలవాటుతోనే సగం చిరాకు తీరిపోతుంది.

విండోస్ కంప్యూటర్లలో మరో మెలిక ఉంది. పాటలు వినడానికి వాడే మామూలు దారిలో పోతే ఆలస్యం తప్పదు. దాన్ని దాటడానికి స్టెయిన్‌బర్గే 1997లో ఏసియో అనే అడ్డదారి వేసింది. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కొంటే దాంతోపాటు దాని సొంత ఏసియో డ్రైవర్ సాధారణంగా వస్తుంది. పెట్టె లేనివాళ్లకు ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఉంది. యాపిల్ కంప్యూటర్లకు ఈ బాధ లేదు, ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది.

రెండోది సామాను గది. శాంపిళ్లు డిస్క్ నుంచి అప్పటికప్పుడు రావాలి కాబట్టి, పాత తిరిగే హార్డ్‌డిస్క్ కంటే ఎస్ఎస్‌డీ ఎన్నో రెట్లు మేలు. వాద్యాలన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో, వీలైతే విడిగా మరో డిస్కులో పెట్టుకోవాలి. వాటిని మాటిమాటికీ చోటు మారిస్తే పాత పాట తెరిచినప్పుడల్లా ‘ఫైలు దొరకలేదు’ అంటూ హోస్టు మొరాయిస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది... టెంప్లేట్. పాట మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక్కో వాద్యాన్నీ వెతికి తెచ్చుకోవడం, పేరు పెట్టడం, ధ్వని సరిచేయడం అంటే పూటకోసారి పొయ్యి కట్టుకున్నట్టే. ఓ ఆదివారం కూర్చుని, తరచూ వాడే వాద్యాలన్నిటినీ వరసగా పెట్టుకోవాలి. తీగ వాద్యాలు ఓ రంగు, గాలి వాద్యాలు ఓ రంగు, తాళ వాద్యాలు మరో రంగు. ఒక్కోదానికి అర్థమయ్యే పేరు. గుంపుకో ధ్వని మీట. అంతా అయ్యాక ఖాళీ పాటగా దాచుకోవాలి. ఇక బాణీ తట్టినప్పుడు ఆ ఖాళీ పాట తెరిస్తే చాలు, విద్వాంసులంతా తలా ఓ చోట కూర్చుని సిద్ధంగా ఉంటారు. హాలీవుడ్‌లో నేపథ్య సంగీతం చేసేవాళ్ల టెంప్లేట్లలో వందలాది వాద్యాలుంటాయి. ఇంట్లో పాటకు పది పదిహేను చాలు.

నాలుగోది పొదుపు. అన్ని వాద్యాలూ ఒకేసారి మెమరీలో కూర్చోనక్కర్లేదు. అవసరం లేనివాటిని ‘డిజేబుల్’ చేసి ఉంచితే పేరు మాత్రం కనిపిస్తుంది, మెమరీ తినదు. పిలిచినప్పుడే వస్తుంది. వాయించడం పూర్తయిన వాద్యాన్ని ‘ఫ్రీజ్’ చేస్తే దాన్ని మామూలు రికార్డింగుగా మార్చేసి ప్రాసెసర్ మీద బరువు దించేస్తుంది. మార్చాలనుకుంటే మళ్లీ కరిగించుకోవచ్చు. కాంటాక్ట్ లాంటి శాంప్లర్లలో పాటలో వాడని స్వరాలన్నిటినీ మెమరీ నుంచి తీసేసే మీట కూడా ఉంది. ఈ మూడూ తెలిస్తే 8 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్‌తో కూడా చిన్న వాద్యబృందాన్ని నడిపించొచ్చు.

ఇక చిన్నవే అయినా పట్టించుకోవాల్సినవి కొన్ని. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపేస్తే చిటపటలు తగ్గొచ్చు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి కరెంటుకు తగిలించి, పవర్ సెట్టింగ్స్‌లో పూర్తి వేగం ఎంచుకోవాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి. పాటను ఐదు నిమిషాలకోసారి దానంతటదే దాచుకునేలా పెట్టుకోవాలి. అన్నిటికీ మించి, నడుస్తున్న పాట మధ్యలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఎక్కించకూడదు. పెళ్లి పందిట్లో వాయించే కీబోర్డు కళాకారులకైతే ఇది ప్రాణసూత్రం. వాళ్లు వేదికెక్కే ముందే ఏ పాటకు ఏ ధ్వని కావాలో వరసగా అమర్చుకుని, పాట మారగానే ఒక్క మీటతో ధ్వనుల్ని మార్చేస్తారు.

జేబుకు చిల్లు పడకుండా

పిల్లాడు సంగీతం చేస్తానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఎంతవుతుంది?’ నేర్చుకోవడానికి పెద్దగా కాదు. ఒకప్పుడు పాటలు వినడానికి అందరూ వాడిన వినాంప్‌ను రాసిన జస్టిన్ ఫ్రాంకెలే తర్వాత రీపర్ అనే హోస్టును తయారుచేశారు. దాన్ని 60 రోజులు పూర్తిస్థాయిలో వాడి చూడొచ్చు. తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకు లైసెన్స్ 60 డాలర్లు. యాపిల్ కంప్యూటర్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. స్పిట్‌ఫైర్ వాళ్ల ల్యాబ్స్ పేరుతో మంచి వాద్యాలు ఎన్నో ఉచితంగానే దొరుకుతాయి. కీబోర్డు 25 మెట్లదైనా మొదట్లో సరిపోతుంది.

కొనేముందు చూసుకోవాల్సింది ఒకటుంది. వాద్యం ఏ పద్ధతిలో తయారైందో అది మన హోస్టుకు సరిపోవాలి. ఉదాహరణకు లాజిక్, గ్యారేజ్‌బ్యాండ్ ఆడియో యూనిట్స్ పద్ధతి వాద్యాలనే తీసుకుంటాయి, వీఎస్‌టీని కాదు. ఇక ఊరికే వస్తున్నాయని దొంగ కాపీలు ఎక్కిస్తే వాటితోపాటు వైరస్‌లూ వస్తాయి. పైగా ఆ స్వరాల్ని వాయించిన కళాకారుల కష్టాన్ని ఎగ్గొట్టినట్టే. అసలు చాలామంది చేసే పొరపాటు వాద్యాలు లేకపోవడం కాదు, ఎక్కువైపోవడం! రెండువందల పియానోల్లో ఏది బాగుందో వెతకడంలోనే రాత్రి తెల్లారిపోతుంది. ఒక్క పియానో తెచ్చుకుని దాని గుణమేంటో తెలిసేదాకా వాయించినవాడే ముందుకెళ్తాడు.

తీగ మీద వేలు

మరి కళాకారుల మాటేమిటి? ఈ భయం కొత్తది కాదు. 1982లో బ్రిటన్ సంగీత కళాకారుల యూనియన్‌కు చెందిన లండన్ శాఖ ఒకటి, సింథసైజర్లను నిషేధించాలని తీర్మానం చేసింది. నిషేధం రాలేదు కానీ, భయం మాత్రం ఉత్తుత్తిది కాదు. మన దగ్గరా అంతే. చిత్తూరులో పుట్టి, మలయాళ సినీ సంగీతంలో పేరు తెచ్చుకున్న ఎం.బి.శ్రీనివాసన్ మద్రాసులో సినీ వాద్యకారులందరినీ ఓ సంఘంగా కూడగట్టారు. వాయించినవాడికి న్యాయమైన కూలి దక్కాలన్నది ఆయన తపన. హాలు నిండా వయొలిన్లు అవసరమైన చోట ఒక్క కీబోర్డు సరిపోవడం మొదలయ్యాక, ఆ వరసల్లో కూర్చునే ఎందరికో పిలుపులు తగ్గాయి. నట్టింట్లోకి వాద్యబృందం వచ్చిందని సంబరపడేటప్పుడు ఈ సంగతీ గుర్తుంచుకోవాల్సిందే.

అయితే యంత్రానికీ హద్దుంది. పియానోలో మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ ఉండదు. మన సంగీతంలో అసలు ప్రాణం ఉండేదే అక్కడ. వీణ తీగను లాగి ఓ స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకాన్ని ముందే రికార్డు చేసిన ముక్కలతో పలికించడం కష్టం. మిడిలో స్వరాన్ని వంచే చక్రం ఉంది. దానికి 16,384 మెట్లున్నాయి కూడా. కానీ ఏ రాగంలో, ఎంత, ఎప్పుడు వంచాలో తెలిసింది ఆ చెయ్యికే. సాధన లేని చేతిలో అన్ని మెట్లూ దండగే.

అందుకే తెలివైనవాళ్లు రెండిటినీ కలుపుతారు. పాట మొత్తాన్నీ ముందు హోస్టులో కట్టుకుంటారు. ఎక్కడ ఏ వాద్యం, ఎన్ని ఆవర్తాలు, ఏ శ్రుతి... అన్నీ తేల్చుకుంటారు. ఆ తర్వాత వేణువుకో వయొలిన్‌కో ఓ మనిషిని పిలిచి, యంత్రం వాయించిన వరుస తీసేసి ఆయనతో వాయిస్తారు. నలభై యంత్ర వాద్యాల మధ్య ఒక్క నిజమైన ఊపిరి వినిపిస్తే చాలు, పాటంతా బతికినట్టుంటుంది. కళాకారుడి సమయమూ వృథా కాదు, ఆయనకు రావాల్సిందీ దక్కుతుంది. హోస్టు చక్కగా సర్దుకోవడంవల్ల మిగిలిన డబ్బూ సమయమూ ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

మూలగదిలోని కుర్రాడు ఓ ఆదివారమంతా కూర్చుని పదిహేను వాద్యాలతో టెంప్లేట్ కట్టుకున్నాడనుకోండి. మర్నాడు బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బాణీ ఇంకా నాలుక మీదే ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరుస్తాడు. నిమిషంలో పల్లవి లోపలికెళ్లిపోతుంది. చరణం కుదరకపోతే మాత్రం తప్పు ఇక వయొలిన్లది కాదు... మళ్లీ కూర్చోవాల్సింది అతనే!